చిల్లర వదిలేసిన ధర

పుట్టపర్తిలో దివాకర్ అంగడి తెరిచేది హేమే. షట్టర్ ఎత్తి, కసువు ఊడ్చి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించి కంప్యూటర్ ఆన్ చేస్తుంది. అది బద్ధకంగా లేచేలోగా టీ తాగేస్తుంది. అంగడి వెనక రేకుల గదిలో ఆమె, తండ్రి బసప్ప ఉంటారు. వానలు వరసగా మొహం చాటేయడంతో బసప్ప తనకల్లులో గొర్రెలన్నీ అమ్మేసి వచ్చి, మిగిలిన ఉన్నితో ఇక్కడ కంబళ్లు నేస్తున్నాడు. కప్పుకుని ధ్యానానికి కూర్చోవడానికి విదేశీయులకు అవంటే ఇష్టం. వాళ్ల కోసమే దివాకర్ వెబ్‌సైటు పెట్టించాడు. అనంతపురంలో కంప్యూటర్ కోర్సు చదివొచ్చిన హేమే దాన్ని రాసింది.

ధర పడితే సరుకు కుంచించుకుపోవడం ఆ ప్రాంతంలో కొత్తేమీ కాదు. మార్కెట్‌లో వేరుశనగ ధర పడినరోజు మూటల్లో కాయలు ముడుచుకునేవి. రైతులు మూటల మూతులు ఇంకాస్త కిందికి బిగించి కట్టుకునేవాళ్లు. ధర లేస్తే కాయలు ఉబ్బేవి కూడా. అయితే అది చూసినవాళ్లు తక్కువ.

వెబ్‌సైటులో ధర రూపాయల్లో ఉంటుంది. డాలరు నొక్కితే డాలర్లలో, యూరో నొక్కితే యూరోల్లో కనబడుతుంది. అలా మార్చినప్పుడల్లా చివర కాస్త చిల్లర మిగిలేది.

"చిల్లర అడిగేది మన ఇంటావంటా లేదు. కొట్టేయ్," అన్నాడు దివాకర్. "కొసరు ఏసినట్టుంటాది."

హేమ కొట్టేసింది. అంతవరకు తప్పులేదు. కానీ అలా తగ్గిన మొత్తాన్ని మళ్లీ రూపాయల్లోకి మార్చి, అసలు ధర ఉండే చోటే రాసిపెట్టేలా చేసింది. ఎవరో డాలరు నొక్కారు, యూరో నొక్కారు, మళ్లీ డాలరు నొక్కారు. నొక్కినప్పుడల్లా ఒక కొసరు పోయింది. ఎవరూ కొనలేదు. చూసినవాళ్లే ధరను తినేశారు.

కంబళి ఎలా కప్పుకోవాలో దొరలకు తెలియాలని హేమ వెబ్‌సైటులో పెట్టే పటంలో తండ్రినే కూర్చోబెట్టింది. తల మీదుగా కంబళి కప్పుకుని నవ్వుతున్న బసప్ప. ధర కంబళికి మాత్రమేనని చెప్పే మాట ఆ పేజీలో ఎక్కడా లేదు.

ఒకరోజు అన్నానికి పిలవబోయి చూస్తే, మగ్గం గుంతలో బసప్ప కాళ్లు వేలాడుతున్నాయి. తొక్కుడు చెక్కలు అందడం లేదు.

"ఏంది నాయనా ఇది?"

"దర పడినట్టుండాదమ్మా," అన్నాడు బసప్ప, ఈ ఏడు కూడా వాన రాలేదన్నంత మామూలుగా. "చెప్పులు గూడా వదులైనాయి."

హేమకు భయం వేసింది. తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకుంది. రూపాయి ధరను ముట్టుకోకుండా, చూపించేటప్పుడు మాత్రమే మారేలా దిద్దింది. తగ్గడం ఆగింది కానీ, తగ్గినది తిరిగి రాలేదు.

"ఆ పటం తీసేస్తే పాయె," అన్నాడు దివాకర్.

"పోయిన నెల రాతినంది పటం తీసేస్తివే, ఆ నంది యాడుండాదన్నా?"

దివాకర్ అరమీద దుమ్ములో నంది ఉన్నచోట మిగిలిన గుండ్రటి జాగాను తువ్వాలుతో తుడిచేశాడు.

హేమ పాత ధరే పెట్టింది. పొద్దు వాలేలోగా బసప్ప మామూలు మనిషై రెండు సంగటి ముద్దలు తిన్నాడు. ఆమె మాత్రం తెర ముందునుంచి లేవలేదు. ఎవరైనా కొంటే? పటంలో ఉన్నదంతా పంపాల్సిందే కదా. అందుకని ఎవరూ కొనకూడదని ఇంకొంత పెంచింది. మరికొంత పెంచింది. బసప్ప తల పైరేకుకు తగిలింది.

"చాలమ్మా," అన్నాడు తల వంచుకుని. "ఇంగ పెంచితే గది పట్టదు."

అక్కడ ఆపింది. అంత ధర పెట్టి కంబళి కొనే మనిషి జిల్లాలోనే లేడు. హేమ ధైర్యమంతా అదే.

జర్మనీలో ఒకామె యూరో నొక్కి చూసింది. ఆమెకు అది రెండు భోజనాల ఖర్చు.

పొద్దున హేమ టీ గ్లాసు పట్టుకుని కూర్చునేసరికి తెరమీద 'అమ్ముడైంది' అని ఉంది. కాసేపటికి దివాకర్ గోనెపట్టా, తాడు తీసుకుని వచ్చాడు. ఆమె మొహం చూడలేదు.

"దుడ్లు వాపసు పంపిద్దామన్నా," అంది హేమ ఏడుస్తూ.

దివాకర్ ఏదో అనబోయేలోగా వెనకనుంచి బసప్ప అందుకున్నాడు. "వద్దమ్మా. సంతలో తువ్వాలు కింద వేలు పట్టి దర ఒప్పుకున్నాక బేరం తెగినట్టే. ఆ మాట తిప్పి నేను ఒక గొర్రెనైనా ఇంటికి తోలుకోని రాలేదు."

కంబళి దులిపి భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర వంగి బయటికొచ్చి, నిటారుగా నిలబడి, ఎండ కాస్తున్న ఆకాశం వైపు కాసేపు చూశాడు.

"ఆ ఊర్లో వానలు పడతాయామ్మా?"

"పడతాయి నాయనా. ఏడాదంతా."

"అట్లయితే కంబళి పనికొస్తాది," అని బసప్ప దాన్ని తల మీదికి లాక్కున్నాడు. పటంలో లాగే నవ్వుతూ గోనెపట్టా మీద కూర్చున్నాడు.