పదకొండో షరతు

రూల్సాయన బస్సు దిగేసరికి పదయింది. చేతిసంచిలో మూడే వస్తువులు: అగ్రిమెంటు కాగితం, తోలు పట్టీ, ఇనప దువ్వెన. కుక్కని వెనక్కి తెచ్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ పేరు ఆయన దగ్గర కుక్కలు కొన్నవాళ్లు పెట్టింది. ముప్ఫై ఏళ్లుగా పొడుగు జుట్టు కుక్కల్ని పెంచి, కుక్కల షోలకి పనికొచ్చే పిల్లల్ని అమ్మాడు. అమ్మడమంటే ఆయనకి పది షరతులకు ఒప్పించడం. రెండేళ్లు నిండేలోపు మూడు షోలలో నిలబెట్టాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు. ఏడోది, జుట్టుకి కత్తెర తగలకూడదు. ఒక్కటి తప్పినా కుక్క మళ్లీ ఆయనది. ఒకసారి ఓ లారీ డ్రైవరు మూడో షోకి వెళ్లలేకపోయాడు. రూల్సాయన వాళ్లింటికి వెళ్లి మరీ కుక్కని తెచ్చేశాడు. డ్రైవరు పిల్లలు బస్టాపు దాకా ఏడుస్తూ వెంటబడ్డారు.

"పోనీ, వదిలేయకూడదూ?" అంది భార్య.

"కాగితం ఏడవదు" అన్నాడు.

ఆమె ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

ఆ కాగితాలు రాసింది మాత్రం ఆమే. ఆయన చదువు ఊరి బళ్లో ఐదో తరగతితో సరి. షరతులు చెప్పడం ఆయన వంతు, రాయడం ఆమె వంతు. అమ్మినవాళ్ల చోట ఇద్దరూ సంతకం పెట్టేవాళ్లు. రాసింది ఆయన ఏనాడూ చదవలేదు. తను చెప్పిందే కదా.

ఆమె పోయి తొమ్మిది నెలలు. మంచాన ఉన్నప్పుడే, ఆఖరి ఈతలో మిగిలిన ఒక్క ఆడ కుక్కపిల్లని, పట్టు అని పిలిచేదాన్ని, కళ్లద్దాల షాపావిడకి అమ్మారు. ఆమె పోయాక తక్కిన కుక్కల్ని ఆయనే వదిలించుకున్నాడు. గిన్నెలు పట్టుకుని వెళ్తే అవి ఆయన్ని దాటి, వెనక ఎవరొస్తున్నారా అని చూసేవి. మొదటి రోజు ఓర్చుకున్నాడు. పదో రోజుకి ఓర్చుకోలేకపోయాడు. ఇప్పుడు పెరట్లో ఆరు గదులూ ఖాళీ. రోజుకి ఒక మనిషితో మాట్లాడితే గొప్ప. అదీ పాలవాడితో, "అర లీటరు చాలు" అని.

కిందటి వారం కుక్కల డాక్టరు ఫోన్లో మాటవరసకి అన్నాడు. "మీ పట్టుకి జుట్టు కత్తిరించేశారండీ. ఎవరో అనుకున్నాను."

రూల్సాయనకి కోపం రావాలి. రాలేదు. తొమ్మిది నెలల్లో మొదటిసారి ఆకలేసింది.

షాపు ఇరుకు. గోడ మీద పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాలకి దిగే బోర్డు, మూడు వైపులా అద్దాల అరలు, మూల అద్దం అరగదీసే మిషను, దాని కింద నీళ్లు బొట్టుబొట్టుగా పడే డబ్బా. బల్ల వెనక షాపావిడ. పక్కనే ముక్కాలి పీట మీద వాళ్లత్తగారు మెత్తటి గుడ్డతో అద్దాలు తుడుస్తోంది. ఆమె పాదాల మీద తల పెట్టుకుని పట్టు, గొరిగిన గొర్రెపిల్లలా. చెవుల దగ్గర మాత్రం జుట్టు మిగిలింది.

"అన్నయ్యగారా! రండి, కూర్చోండి. ఎన్నాళ్లకు!" షాపావిడ లేచింది.

"కూర్చోడానికి రాలేదమ్మా. ఏడో షరతు తప్పావు."

"వస్తూనే షరతేంటి నాయనా?" అంది అత్తగారు తల ఎత్తకుండా. "మంచినీళ్లు తాగితే ఎనిమిదోది తప్పుతుందా?"

"జుట్టెందుకు తీశావమ్మా?"

"ఎంత చెప్పినా ఆ మిషను కిందే పడుకుంటుందండీ. గాజుపొడి జుట్టులోకి పోయి, ఒళ్లంతా గోక్కుని పుండ్లు చేసుకుంది. ఇంకేం చేయను?"

"కారణాలు కాగితంలో లేవు."

సంచిలోంచి పట్టీ తీశాడు. ఆ చప్పుడుకి పట్టు లేచింది. దగ్గరికొచ్చి ఆయన చెయ్యి వాసన చూసింది. తోక కాస్త ఊపింది. తర్వాత ఆయన్ని దాటి, గుమ్మం వైపు చూసింది. కాసేపు అలాగే చూసి, వెనక్కి పోయి ముసలావిడ పాదాల మీద తల పెట్టుకుంది.

రూల్సాయన చేతిలో పట్టీ అలాగే వేలాడింది.

"ఒక్క నిమిషం" అని షాపావిడ సొరుగు లాగి తన కాపీ బయటికి తీసింది. "ఏడోది తప్పాను, నిజమే. మరి పదకొండోది?"

"పదకొండోదెక్కడిది? ముప్ఫై ఏళ్లుగా పదే."

"మీ కాగితమే వెనక్కి తిప్పండి."

తిప్పాడు. ఏవో నాలుగు వరసలున్నాయి. కళ్లు చిట్లించాడు, దూరం పెట్టాడు, దగ్గర పెట్టాడు.

"కోడలా, ఆయనకి రెండో నంబరు అద్దాలియ్యి" అంది అత్తగారు. "భయం లేదు నాయనా, వాటికి షరతుల్లేవు."

అద్దాలు పెట్టుకున్నాడు. భార్య చేతిరాతే. పడుకుని రాసిన రాత, వరస వరసకీ కిందికి జారిపోతూ. "పదకొండు. అమ్మినవాళ్లలో ఒకరు ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చి కుక్కని చూడాలి. జుట్టు వాళ్లే దువ్వాలి. వరసగా మూడు నెలలు రాకపోతే కుక్కని వెనక్కి అడిగే హక్కు పోతుంది."

కింద షాపావిడ సంతకం, ఆమె సంతకం, ఆయన సంతకం. గుర్తొచ్చింది. ఆ పూట పాలు కాస్తున్నాడు. "ఇక్కడ కూడా ఒకటి పెట్టండి" అంది ఆమె. పొంగుతాయన్న తొందరలో నిలబడే గీకేసి, మళ్లీ పొయ్యి దగ్గరికి పరిగెత్తాడు.

"నేను రెండుసార్లు ఫోన్ చేశానండీ, రాలేదేమని అడుగుదామని" అంది షాపావిడ. "అంతా కాగితంలో ఉంది, చదువుకో అని పెట్టేశారు."

ఆయన ఆ నాలుగు వరసలూ మళ్లీ చదివాడు.

"ఇది రాస్తూ వదినగారు నవ్వారు. 'రమ్మంటే రారమ్మా, రూలంటే వస్తారు' అన్నారు."

"కొట్టేయి దాన్ని" అన్నాడు. గొంతు పెద్దదయింది. "ఇటు రెండు గీతలు, అటు రెండు గీతలు. నేను సంతకం పెడతాను, నువ్వు పెట్టు."

"నాకేం అభ్యంతరం లేదు. కానీ పదోది మీరు పెట్టిందే కదండీ."

పదోది ఆయనకి నోటికొచ్చు. ఏ షరతు కొట్టేసినా, మొదట సంతకం పెట్టినవాళ్లందరూ పక్కన మళ్లీ సంతకం పెట్టాలి. ఒక్కరు పెట్టకపోయినా కొట్టివేత చెల్లదు. ఎవడో మోసం చేశాడని, ఎంతో ఆలోచించి పెట్టించిన షరతు. ఈ కాగితం మీద సంతకాలు మూడు.

మూల డబ్బాలో నీటిబొట్లు పడుతున్నాయి. అత్తగారు కూడా తుడవడం ఆపింది.

ఆయన కాగితం మడిచాడు. పట్టీని చుట్టచుట్టి సంచిలో కుక్కాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"చెవుల వెనక ఉండలు కట్టింది. ఇదేనా చూసుకోవడం? పై నెలకీ ఇలాగే ఉంటే ఊరుకునేది లేదు."

"దువ్వాల్సింది మీరేనండీ" అంది షాపావిడ మెల్లిగా.

ఆయన మెట్లు దిగిపోయాడు. వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అద్దాలు పెట్టుకునే వెళ్లిపోయాడే!"

ఇంటికెళ్లాక ఇనప్పెట్టె తెరిచాడు. ముప్ఫై ఏళ్ల అగ్రిమెంట్లన్నీ అందులోనే. వంటింటి బల్ల మీద పేర్చి, ఆ అద్దాలతోనే ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూశాడు. లారీ డ్రైవరు కాగితం తెల్లగా ఉంది. దాని కిందదీ తెల్లగానే. అన్నీ తిప్పాడు. ఒక్కదాని వెనకా ఆమె రాసిన ఒక్క అక్షరం లేదు.

పొద్దు వాలేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

"నాతో చెప్పి రాయొచ్చుగా" అన్నాడు, గట్టిగానే. బతికుండగా ఆమెని తిట్టే గొంతే అది. పెరట్లో ఆరు గదుల్లోంచీ ఏ చప్పుడూ రాలేదు.