నలభై అయిదులో తిరగాల్సిన రికార్డు

మటోమేకి చెవులు పోయిన సంగతి మామెలోడీ పేట మొత్తంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోవారు ఆయన భార్య మొఖాడి. రైలుపెట్టెల కార్ఖానాలో సుత్తి మోతల మధ్య వయసంతా గడిపినవాడికి చెవుడు రావడంలో వింతేమీ లేదు. ఆ చెవుడును ఆయన తీసుకెళ్లి దాచిన చోటే వింత. జాజ్ సంఘంలో దాచాడు. పైగా అక్కడ పెద్దమనిషిగా చలామణీ అవుతున్నాడు. వయసులో ఉన్నప్పుడు నాలుగు స్వరాలు వినగానే ఊదేది ఎవరో చెప్పేసేవాడని సంఘంవాళ్లు ఆయనకు 'చెవి' అని పేరు పెట్టారు. ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

నెలకో ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి వాకిట్లో టెంటు లేస్తుంది. మగవాళ్లు రెండు రంగుల బూట్లు తుడుచుకుని, టోపీ వంచి పెట్టుకుని, చంకలో రికార్డులతో దిగుతారు. ఒకరి రికార్డు ఇంకొకరు ఇంటికి తీసుకెళ్లి, రెండు వైపులా విని, మరుసటి కూటంలో లేచి నిలబడి ఏం విన్నారో చెప్పాలి. "బాగుంది" అని కూర్చుంటే ఒప్పుకోరు. "మా అత్త వండిన పేగుల కూరనీ బాగుందంటాను. ఏం విన్నావో అది చెప్పవయ్యా" అని పరువు తీస్తారు.

పాత రికార్డులతో మటోమేకి చిక్కులేదు. అవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పక్కవాళ్ల పాదాలు చూస్తే పాట ఎంతవరకు వచ్చిందో తెలిసిపోయేది. లేచి నడుమ నిలబడి, వేళ్లతో గాలిలో బూర మీటలు నొక్కుతూ నాలుగడుగులు వేసేవాడు. మనుషుల మాటలు పెదవులు చూసి పట్టేసేవాడు. ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. కొత్త రికార్డులతోనే ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడు మొఖాడి చెవులు అరువు అడిగాడు.

మొఖాడి గురువారం ప్రార్థనల మనిషి. ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు తొడుక్కుని చర్చి ఆడవాళ్లతో కలిసి మోకరించే మనిషి. జాజ్ అంటే ఆమె దృష్టిలో తాగుబోతుల గోల. అలాంటిది భర్త మొహం చూడలేక రికార్డు ప్లేయరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. విన్నది విన్నట్టు, పెదవులు కనిపించేలా ఆయనవైపు తిరిగి చెప్పేది. "లావు గొంతు బూర మెట్లు దిగుతోంది. సన్న గొంతుది వద్దు వద్దని వెనక్కి లాగుతోంది. పియానో మాత్రం మనకెందుకులే అని కూర్చుంది." ఆయన అవే మాటలు సంఘంలో చెప్పేవాడు. "ఈమధ్య మన 'చెవి'కి కవిత్వం పట్టుకుంది" అని అందరూ తలలూపేవారు. ఆడవాళ్ల బల్ల దగ్గర టీ పోస్తున్న మొఖాడి ఆ మాట విని లోలోపల మురిసిపోయేది. ఆ మెప్పు తనదని చెప్పుకోలేనందుకు కాస్త ఒళ్లు మండేది కూడా.

ఇలా బండి నడుస్తుండగా లెసీబా రికార్డు వచ్చి పడింది.

లెసీబా మటోమేకి చిన్ననాటి స్నేహితుడు. ఆయన ఒక్కగానొక్క కూతురు హునాదీ జొహానెస్‌బర్గ్‌లో పియానో వాయించేది. పోయిన చలికాలం గుండెజబ్బు ఆ పిల్లను ఎత్తుకుపోయింది. జబ్బుందని తెలిసేసరికే చేయి దాటిపోయింది. దానికి కొన్నాళ్ల ముందు నాలుగు పాటలు రికార్డు చేసింది. ఆ నాలుగింటినీ తండ్రి పెద్ద రికార్డుగా అచ్చు వేయించి, సంఘంలో అందరికంటే ముందు మటోమే చేతిలో పెట్టి, ఆ తర్వాతే మిగతావాళ్లకు తలొకటి పంచాడు.

"వీళ్లంతా నా మొహం చూసి మెచ్చుకుంటారురా. నువ్వు విని నిజం చెప్పు. నీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు" అన్నాడు.

అట్ట మీద హునాదీ నవ్వుతోంది. మటోమే ఆ అట్టను రెండు చేతులతో పట్టుకుని ఇంటిదాకా నడిచాడు.

మర్నాడు పొద్దున రికార్డు తీసి, గుడ్డతో తుడిచి, ముల్లు పెట్టాడు. రికార్డులతో పుట్టి పెరిగినవాడి చేతికి ఒక అలవాటుంటుంది. చిన్న రికార్డయితే వేగం నిమిషానికి నలభై అయిదు చుట్లకు, పెద్దదయితే ముప్పైమూడుకు మీట దానంతట అదే జరుగుతుంది. హునాదీ రికార్డు పెద్దదే. కాని ఉన్నవి నాలుగు పాటలే కనక నలభై అయిదులో తిరిగేలా అచ్చు వేశారు. ఆ ముక్క రికార్డు నడిమి చీటీ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చెవులున్న మటోమే అయితే మొదటి మాటకే నాలుక కరుచుకుని మీట మార్చేవాడు. ఇప్పుడాయన ముప్పైమూడులో పెట్టి, భార్య మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

మొఖాడి కళ్లు మూసుకుని వింది.

"పాడేది మగవాడండీ. పెద్దవాడిలా ఉన్నాడు" అంది చివరికి.

"పాటలు కట్టి పియానో వాయించింది మన పిల్ల. పాడటానికి ఎవరినో పెట్టుకుని ఉంటుంది. ఎలా పాడుతున్నాడు?"

"బరువుగా పాడుతున్నాడు. ప్రతి చరణం చివరా ఊపిరి తోడుకుంటున్నాడు, నిండుబిందెతో గట్టెక్కి ఆగినట్టు. రెండో పాటలో మరీను. మాట అయిపోతుంది, ఊపిరి అందదు, మళ్లీ మాట ఎత్తుకుంటాడు. నాకు ఏడుపొస్తోంది."

ఆమె నిజంగానే ఏడ్చింది. ఏ రికార్డుకూ ఏడవని మనిషి ఏడ్చిందంటే హునాదీ ఎంత గొప్పగా కట్టి ఉంటుందోనని మటోమే పొంగిపోయాడు.

ఆదివారం వచ్చింది. మటోమే టోపీ తీసి, లేచి నిలబడి, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ముసలి మగగొంతు, నిండుబిందె, గట్టు, అందని ఊపిరి. చెబుతున్నకొద్దీ టెంటు కింద నవ్వుమొహాలు ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి. మొఖాడి చేతిలో టీ కెటిల్ అలాగే ఆగిపోయింది. ఎక్కడో తప్పు జరిగిందని ఆమెకు అర్థమైంది. ఏం తప్పో మాత్రం తెలియలేదు.

"ముప్పైమూడులో పెట్టి విన్నావా ఏమిటి? అది నలభై అయిదు కదయ్యా, నెమ్మదిగా తిప్పితే ఆడగొంతు మగగొంతులా సాగదూ" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"'చెవి' అంతటివాడికి ఆ తేడా తెలియదా? విననే లేదు, ఊహించి చెప్పేశాడు" అన్నాడు ఇంకొకడు.

లెసీబా లేచాడు. "పాడింది నా కూతురురా. అందులో నవ్వుతూ పాడుతుంది. పెళ్లిలో ఆడుకునే పాటలవి. వినడానికి నీకు తీరలేదని చెబితే సరిపోయేది. నా బిడ్డ మీద కథలల్లి నా మొహాన కొట్టావు." అంటూ మటోమే పక్కనున్న తన రికార్డు తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మటోమే భార్యవైపు చూశాడు. ఏం జరిగిందో నలుగురిలో ఆమె ఎలా చెబుతుంది?

ఇంటికి వెళ్లాక చెప్పింది. తెలుసుకుని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అబద్ధాలకోరుననే అనుకోనీ. చెవిటివాడినని తెలిస్తే ఓ మూల కుర్చీ వేసి, చేతిలో టీ పెట్టి, నామీద జాలిపడతారు. అంతకంటే ఇదే నయం" అన్నాడు. తర్వాత రెండు కూటాలకు వెళ్లలేదు. రికార్డు ప్లేయరు మీద దుప్పటి కప్పేశాడు. ముద్ద కూడా సరిగా దిగడం లేదు. పెళ్లి నాటి నుంచీ ఆ సంగీతాన్ని తిట్టిన మొఖాడికి ఆ దుప్పటి చూస్తే ఇంట్లో శవాన్ని కప్పినట్టు అనిపించేది. మనిషి ఇలాగే కృశించి పోతాడని ఆమెకు భయం పట్టుకుంది.

ఒక శనివారం పొద్దున శాలువా బిగించి బయల్దేరింది. "నేను లెసీబా ఇంటికి వెళ్తున్నాను. వస్తే రండి, లేకపోతే మానండి" అంది. ఆయన వద్దన్నాడు, కోప్పడ్డాడు, ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, టోపీ పెట్టుకుని వెనకాలే వచ్చాడు.

లెసీబా తలుపు తీసి అడ్డం నిలబడ్డాడు. మొఖాడి నాన్చలేదు. "ఆయనకు వినపడదు మరిదీ. ఏళ్లయింది. మీ రికార్డు విన్నది నేను. వేగాల సంగతి నాకేం తెలుసు? తిట్టాలంటే నన్ను తిట్టండి."

"వినపడకపోవడమేంటి వదినా, మొన్నమొన్నటిదాకా లేచి ఆడేవాడు."

"మీ పాదాలు చూసి ఆడాడు."

మటోమే అప్పటికే లోపలికి నడిచి, గోడమీద హునాదీ ఫోటో ముందు నిలబడ్డాడు. లెసీబా ఆయన వీపు వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచాడు. గట్టిగా పిలిచాడు. చిన్నప్పుడు పిలిచే తిట్టుపేరుతో కూడా పిలిచాడు. మటోమే ఫోటో చూస్తూనే ఉన్నాడు.

లెసీబా మొహం వాలిపోయింది. భుజం పట్టి స్నేహితుణ్ని తనవైపు తిప్పుకున్నాడు. "గాడిదా, నాకు చెప్పడానికేం రోగం?" అన్నాడు. ఆ పెదవులు చదవడం మటోమేకి కష్టం కాలేదు. సిగ్గుపడుతూ నవ్వాడు. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. మొఖాడికి గుండెల మీద బరువు దిగినట్టయింది. అక్కడితో ఇంటికి వచ్చేసి ఉంటే ఎంత బాగుండేదో.

"అయితే నా బిడ్డను ముసలాణ్ని చేసింది నువ్వన్నమాట" అన్నాడు లెసీబా, వదినను ఆటపట్టిస్తూ. "ఏదీ, నువ్వు విన్నట్టే నన్నూ విననీ." రికార్డు తీసి పెట్టి, మీట ముప్పైమూడుకు జరిపాడు.

మొదటి పాటకు ఆయన కిసుక్కున నవ్వాడు. "అచ్చం మా నాన్న గొంతే" అన్నాడు. రెండో పాట మొదలైంది. చరణం ముగిసింది. ఊపిరి వినిపించింది. అసలు వేగంలో కళ్లు మూసి తెరిచేలోపు దాటిపోయే ఊపిరి ఇక్కడ పొడుగ్గా, గరగరలాడుతూ, అందక వెతుక్కుంటూ వినిపించింది. మళ్లీ చరణం. మళ్లీ అదే. లెసీబా నవ్వు ఆగింది. ముల్లు లేపి మళ్లీ అక్కడే పెట్టాడు.

"నువ్వు చెప్పింది ఇదేనా వదినా?"

మొఖాడి తలూపింది.

లెసీబా కుర్చీలో కూలబడి, తల దించుకుని మాట్లాడాడు. "ఆ రోజు నేనూ స్టూడియోలో ఉన్నాను. ఈ పాటే మళ్లీ మళ్లీ పాడించాను. 'నాన్నా, ఇవాళ్టికి చాలు' అంది. బద్ధకమనుకున్నాను వదినా. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని చంపాను. నవ్వుతూ పాడింది. అందరూ ఎంత సంతోషంగా పాడిందో అంటుంటే నేనూ అదే నమ్మాను. అప్పటికే దానికి ఊపిరి ఆడటం లేదు. నా పక్కనే నిలబడి పాడింది, నాకు వినపడలేదు."

ఆయన భుజాలు అదిరిపోతున్నాయి. తను విన్నది చెప్పకుండా ఉండాల్సిందని మొఖాడికి అనిపించింది.

మటోమే కంగారుగా ఆమె చేయి తట్టాడు. "ఏమంటున్నాడు? ఎందుకేడుస్తున్నాడు?"

ఆమె ఆయనవైపు తిరిగింది. ఇంతవరకు ఆయనకు ఏ పాటా మార్చి చెప్పలేదు. "కూతురి పాట కదండీ, ఏడవడా" అంది.

ఆయన నమ్మాడు. కళ్లు తుడుచుకుని, తిరుగుతున్న రికార్డునూ గోడమీద నవ్వుతున్న అమ్మాయినీ చూశాడు. చెవిటివాళ్లు మాట్లాడినట్టే గదంతా వినిపించేలా అన్నాడు:

"ఎంత హాయిగా పాడి ఉంటుందో కదరా, మన పిల్ల."

లెసీబా తల ఎత్తాడు. మొహం తుడుచుకున్నాడు. స్నేహితుడికి పెదవులు కనిపించేలా నిదానంగా చెప్పాడు.

"అవునురా. హాయిగానే పాడింది."