పాపయ్య పడుకునే మంచం

దుప్పటి అంచు పరుపు కిందకు తోసి, మూల దగ్గర ముక్కోణంగా మడిచి, అరచేత్తో ఒక్క రాపు రాశాడు పాపయ్య. ముడత పోయింది. రెండో మూలకు వెళ్ళబోతూ మంచం కమ్మీ పట్టుకుని ఆగాడు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుంది. పొద్దున్న పళ్ళు తోముకున్నప్పటి నుంచీ ఇదే వరస. వస్తోంది, పోతోంది. మోటెల్ ముందు మంచు ఎత్తిపోసినప్పుడు నరం పట్టి ఉంటుందనుకున్నాడు. పోయేదాకా ఆగి, రెండో మూల కూడా మడిచాడు.

సన్నగా, తాటిమట్టలా ఉంటాడు పాపయ్య. కోతిటోపీ కింద చెవులు మాత్రం పెద్దవి. అరచేతుల్లో పడవ తాళ్ళు లాగిన కాయలు ఇంకా పోలేదు. గోదావరి మధ్య లంకలో పుట్టి, పంటు మీద మనుషుల్నీ కొబ్బరికాయల్నీ దాటించి బతికినవాడు, అక్క వీసా పిటిషను వేస్తే ఎన్నో ఏళ్ళకు పిలుపొచ్చి, భార్య అమ్మాజీని వెంటబెట్టుకుని మిషిగన్ సరస్సు మధ్యలో ఉన్న ఈ దీవిలో తేలాడు. బావ ఇక్కడ చిన్న మోటెల్ నడిపేవాడు. పాపయ్య దుప్పట్లు ఉతికాడు, మంచాలు వేశాడు. అక్కా బావా పోయాక మేనల్లుడు శ్రీధర్ మోటెల్ చూసుకుంటున్నాడు. చలికాలం మోటెల్‌కు ఎవరూ రారు కనక పాపయ్య ఈ బడి ఊడ్చే పనిలో చేరాడు.

బడిలో చివరి గది ఇది. ఒకప్పుడు పిల్లల మంచుబళ్ళు పడేసే కొట్టు. ఇప్పుడు దీన్ని కాలేజీ అంటారు. కాలేజీ అంటే ఒక మంచం, సెలైను తగిలించే ఇనుపకర్ర, మందుల అలమరా, గోడకు పెద్ద తెర, తెర నెత్తిన కెమెరా. అంతే.

ఈ దీవిలో పిల్లలు తక్కువ. బడి చదువు అయిపోయిన పిల్ల పెట్టె సర్దుకుని పడవెక్కిందంటే మళ్ళీ వచ్చేది ఎవరి చావుకో, పెళ్ళికో. తల్లులు రేవులో నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు. అందుకే అవతలి ఒడ్డు కాలేజీ ఒకటీ, ఉత్తరాన ఉన్న యూనివర్సిటీ ఒకటీ, ఈ దీవి బడీ, దీవి క్లినిక్కూ కలిసి మాట్లాడుకున్నాయి. వేసవిలో టీచర్లు పడవ మీద వస్తారు, చలికాలం తెరలో వస్తారు, సామాను చిన్న విమానంలో వస్తుంది, చేతిపని క్లినిక్‌లో నేర్పుతారు. నర్సు చదువు ఇంటి దగ్గరే. ఎవరైనా అడిగితే పాపయ్య ఇలా చెప్పేవాడు. “నాలుగిళ్ళోళ్ళు కలిసి ఒక నుయ్యి తవ్వుకున్నారండీ. ఒక్కిల్లయితే నీళ్ళు పడేదాకా తవ్వలేరు కదండీ.”

మొదట్లో ఒక రబ్బరు బొమ్మను పంపారు, దాని మీద పిల్లలు నేర్చుకోవాలని. పడవలో చలికి దాని మెడ పగిలిపోయింది. కొత్తది రావాలంటే వసంతం రావాలి. ఏం చేయాలా అని అంతా తలలు పట్టుకుంటే, చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పాపయ్య, “బొమ్మెందుకండీ, నేను లేనా?” అన్నాడు.

అప్పటి నుంచీ పేషెంట్ ఆయనే. వసంతం వచ్చినా కొత్త బొమ్మ మాట ఎవరూ ఎత్తలేదు. తన మంచం తనే వేసుకుని, బూట్లు విప్పి కింద జతగా పెట్టి, ఎక్కి పడుకునేవాడు. టీచరు ఏ రోగం చెబితే ఆ రోగం. ఆస్తమా మనిషిగా ఎగరొప్పాడు. చెయ్యి విరిగినవాడిగా మూలిగాడు. ఒకసారి నిండు చూలాలు కూడా అయ్యాడు. ఆ రోజు కడుపు మీద దిండు పెట్టుకుని “ఓలమ్మో, ఓలమ్మో” అని కేకలు పెడుతుంటే, తెరలో ఉన్న టీచరు మిసెస్ హాన్సెన్ నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పని అయ్యాక చేతికి కట్టిన బీపీ పట్టీ తనే విప్పి, మడిచి, డబ్బాలో పెట్టి మరీ లేచేవాడు. ఇంకొకరు మడిస్తే ఆయనకు నచ్చదు.

ఎందుకింత సరదా ఈయనకు అని జనం అనుకునేవాళ్ళు. అమ్మాజీ సంగతి తెలిసినవాళ్ళు అనుకునేవాళ్ళు కారు.

అమ్మాజీ పోయింది ఇక్కడికొచ్చిన రెండో చలికాలంలో. బయట మంచుగాలి, విమానం దిగలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క నర్సూ అవతలి ఒడ్డుకు వెళ్ళి చిక్కుబడిపోయింది. ఆవిడ గుండె పట్టుకుని పడిపోతే, పాదాలు చల్లబడుతున్నాయి కదా అని పాపయ్య వాటిని రుద్దుతూ కూర్చున్నాడు. ఆవిడ పోయేదాకా పాదాలే రుద్దాడు. వేరే ఏం చేయాలో ఆయనకు తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళకూ తెలియదు.

ఇవాళ అనికకు పరీక్ష. శ్రీధర్ కూతురు. మిగతా పిల్లలవి కిందటి వారమే అయిపోయాయి. క్లినిక్ నర్సు క్రిస్మస్‌కు ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. అనిక ఇవాళ గట్టెక్కితే ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఇవాళ తప్పితే మళ్ళీ వసంతంలోనే అని యూనివర్సిటీవాళ్ళు రాశారు. అంటే చలికాలమంతా దీవికి నర్సు ఉండదు. అది ఒక్కటే పాపయ్య బుర్రలో తిరుగుతోంది.

హీటరు పెంచి, తలుపు దగ్గరకేసి మోటెల్‌కు నడిచాడు. దారిలో రెండుసార్లు ఆగాడు.

వాకిట్లో సుధ కారు అద్దం మీద మంచు గీకుతోంది. సుధ అనిక తల్లి.

“సుధమ్మా, అది అలా పెట్టు. పిల్ల బయల్దేరుతోంది. నువ్వు ఆ ఐసు మెషీను పక్క నించి తిరిగొచ్చి ఎదురు రా.”

“ఈ చలిలోనా మావయ్యగారూ? ఈ ఐస్ మీద జారి పడ్డానంటే దాని ఎగ్జామ్‌కి పేషెంట్‌ని నేనే అవుతాను.”

“మావయ్యా, టీచర్ వచ్చేది జూమ్‌లో,” అన్నాడు శ్రీధర్ తలుపు దగ్గర నుంచి. “జూమ్‌కి కూడా ఎదురు రావాలా?”

“జూములో వచ్చేదానికీ శకునం కావాల్రా అబ్బాయ్. నీకు తెలీదు, నువ్వూరుకో.”

సుధ గొణుక్కుంటూనే ఐసు మెషీను చుట్టూ తిరిగి, పెద్ద బూట్లతో బాతులా ఊగుతూ ఎదురొచ్చింది. అనిక పకపకా నవ్వింది. నవ్వుతూనే పాపయ్య మొహం చూసి ఆగింది.

“తాతా, నువ్వు పేల్‌గా ఉన్నావ్. తిన్నావా?”

“తిన్నానమ్మా. రెండిడ్లీలు తిన్నాను.”

తినలేదు. లోపల మళ్ళీ ఆ పిండుడు మొదలైంది. నోటి దాకా వచ్చిన మాట మింగేశాడు. శుభమా అని పిల్ల గడప దాటుతుంటే నొప్పి మాట ఎత్తకూడదు. లంకలో కూడా అంతే. పంటు కట్టు విప్పేటప్పుడు సుడి పేరు ఎవరూ ఎత్తరు.

పది గంటలకు తెర వెలిగింది. మిసెస్ హాన్సెన్ అవతలి ఒడ్డు నుంచి పలకరించింది. ఇవాళ పాపయ్య కట్టెల కోసం వెళ్ళి మంచు మీద జారిపడ్డ ముసలివాడు. మోకాలు నొప్పి. వేరే ఏమీ లేదు. ఆయన బూట్లు విప్పి జతగా పెట్టి, తను వేసిన మంచం మీద తను పడుకున్నాడు. పడుకుంటే తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు. గుండెల మీద ఎవరో కొబ్బరికాయల బస్తా దింపినట్టయింది.

అనిక చేతులు కడుక్కుని వచ్చింది. తెల్లకోటు కొత్తది. ముందు ఇంగ్లీషులో తన పేరు చెప్పింది, ఆయన పేరు అడిగింది, అడగాల్సినవన్నీ వరసగా అడిగింది. పాపయ్య నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కల్లో జవాబిచ్చాడు.

“నొప్పి ఎక్కడ?”

“మోకాలు.”

“ఇంకెక్కడైనా?”

“లేదు. మోకాలే.”

తెరలో మిసెస్ హాన్సెన్ ఏదో రాసుకుంటోంది. అనిక బీపీ పట్టీ చుట్టి బిగించింది. ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు ఎలా పడతాయో పాపయ్యకు తెలుసు. మొదటి ఏడాది గట్టిగా నొక్కేసేది. “అమ్మాయ్, గేదె ముకుతాడు కాదది” అనేవాడు. ఇప్పుడు వేళ్ళు పువ్వు మీద వాలినట్టు వాలాయి. వాలి, అక్కడే ఉండిపోయాయి. కదల్లేదు.

“తాతా.” ఈసారి తెలుగులో. “యాక్ట్ చేయకు. నాకు ట్రూత్ చెప్పు. పెయిన్ ఎక్కడ?”

“మోకాలేనమ్మా. నువ్వు కానియ్.”

“నీ హ్యాండ్ చల్లగా ఉంది. నీకు స్వెట్ వస్తుంది.”

“హీటరు ఎక్కువెట్టాను. కానీయమ్మా, టీచరుగారు చూత్తన్నారు.”

మిసెస్ హాన్సెన్ తల పైకెత్తి నవ్వింది. పేషెంట్ ఇవాళ చాలా బాగా చేస్తున్నాడంది. అనిక తెర వైపు తిరిగింది. మాట తొట్రుపడలేదు. ఇది నటన కాదు, గుండె, నేను పరీక్ష ఆపేస్తున్నాను అని చెప్పింది. చెబుతూనే ఫోన్ తీసి క్లినిక్‌కు చేసింది, మంచం తలవైపు ఎత్తింది, అలమరా తెరిచి మాత్ర తీసి, “నమిలి మింగు తాతా” అని నోట్లో పెట్టింది.

“ఎందుకాపావమ్మా?” అన్నాడు పాపయ్య. ఆయనను నొప్పి కంటే పరీక్ష ఆగిపోవడం ఎక్కువ బాధ పెట్టింది. తెరలో మిసెస్ హాన్సెన్ మొహం తెల్లగా పాలిపోయింది. ఆవిడ లేచి నిలబడి విమానం కోసం ఎవరికో ఫోన్ చేస్తోంది. “ఈయేళ తప్పితే మళ్ళీ వసంతం కదమ్మా…”

“తాతా, ప్లీజ్. మాట్లాడకు.”

క్లినిక్ నర్సు పరుగున వచ్చింది. శ్రీధర్, సుధ వచ్చారు. స్ట్రెచర్ మీదకు మారుస్తుంటే బీపీ పట్టీ అడ్డొచ్చింది. విప్పే తీరిక ఎవరికీ లేదు. నర్సు లాగితే, సన్నటి చెయ్యి కదా, కట్టు కట్టినట్టే జారి వచ్చేసింది. అక్కడే కిటికీ అరుగు మీద పడేశారు.

క్లినిక్‌లో ఆక్సిజన్ పెట్టారు. అవతలి ఒడ్డున విమానం సిద్ధంగా ఉంది కానీ సరస్సు మీద మంచుతెర లేవడం లేదు. గంట ఆగమన్నారు. ఇంకో గంట ఆగమన్నారు. నర్సు చేయగలిగిందంతా చేసింది, అనిక చేసింది. ఫోనులో అవతలి డాక్టరు చెప్పిందల్లా చేశారు. మధ్యాహ్నం దాటాక పాపయ్యకు కాస్త తెరిపిచ్చింది. కళ్ళు తెరిచాడు. ఎడమ మణికట్టు ఇంకా అనిక వేళ్ళ మధ్యనే ఉంది.

“పరీచ్చ ఏమైందమ్మా?”

“అయిపోయింది తాతా.”

“పాసేనా?”

అనిక తల్లి వైపు చూసింది. సుధ మెడకు చుట్టుకున్న స్కార్ఫ్ అంచు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

“పాస్,” అంది అనిక.

పాపయ్య మొహం విచ్చుకుంది.  కిటికీ బయట తెల్లదనం తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ తెల్లదనంలోకి చూస్తూ, మెల్లగా, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ అన్నాడు.

“మీ అమ్మమ్మకి… అదేనమ్మా, అమ్మాజీకి… ఇలా చెయ్యట్టుకోవాలని నాకు తెలీలేదు. పాదాలు రుద్దాను. చెయ్యట్టుకుంటే ఇంత బాగుంటదని తెలీలేదమ్మా.”

అనిక రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది.  వేళ్ళ కింద కొట్టుకుంటున్నది సన్నబడింది, ఆగి కొట్టుకుంది, మళ్ళీ ఆగింది. అది ఆగిపోయిన సంగతి గదిలో అందరికంటే ముందు తెలిసింది అనికకే. అయినా వదల్లేదు. పొద్దువాలే వేళకు మంచుతెర లేచింది, విమానం చప్పుడు వినిపించింది, అప్పటికీ వదల్లేదు.

మర్నాడు మిసెస్ హాన్సెన్ శ్రీధర్‌కు ఫోన్ చేసింది. ఒక్క మాట చెప్పి ఉంటే పరీక్ష వాయిదా వేసేవాళ్ళం కదా, మేం నాలుగు చోట్లవాళ్ళం కలిసింది అందుకే కదా, ఆయనకు ఎవరూ చెప్పలేదా అని అడిగి ఏడ్చింది.  మంచి పనికి వెళుతుంటే నొప్పి మాట ఎత్తకూడదని ఆవిడకు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో శ్రీధర్‌కు తోచలేదు. “హి వాజ్ లైక్ దట్” అన్నాడు.

నాలుగు చోట్లవాళ్ళూ మాట్లాడుకుని, మైల తీరాక అనికకు మళ్ళీ పరీక్ష పెట్టారు. అప్పటికి సరస్సు గడ్డకట్టేసింది. పేషెంట్‌గా శ్రీధర్ పడుకున్నాడు. మంచం తనే వేయబోయాడు కానీ మూలలు కుదరలేదు, దుప్పటి ఒక పక్క వేలాడుతూనే ఉండిపోయింది. 

అనిక చేతులు కడుక్కుంది. పేరు చెప్పింది, పేరు అడిగింది, నొప్పి ఎక్కడని అడిగింది. జవాబు చెప్పాక తండ్రి కళ్ళలోకి ఒకసారి చూసి, మళ్ళీ అడిగింది. బీపీ చూడటానికి కిటికీ వైపు చెయ్యి చాచి, ఆగి, అలమరాలోంచి ఇంకో పట్టీ తీసింది. ఆ రోజు గట్టెక్కింది. క్రిస్మస్ మర్నాడు క్లినిక్ తలుపు తనే తీసింది.

కిటికీ అరుగు మీద ఆ పాత పట్టీని ఇంకా ఎవరూ విప్పలేదు, మడవలేదు. లోపల చెయ్యి లేకపోయినా, ఒక సన్నటి చేతి మందాన గుండ్రంగా, కట్టింది కట్టినట్టే ఉంది.