పెయింటరు భార్య సాక్ష్యం

తలుపు మీద మరక కనిపిస్తే పెయింటరుకి ముద్ద దిగదు. అలాంటివాడి సొంత ఇంటి తలుపు మీదే బ్యాంకువాళ్ళు వేలం నోటీసు అంటించి పోయారు, అదీ అడ్డదిడ్డంగా, జిగురు కారేలా. నిచ్చెన మీంచి పడి కాలు విరిగి అతను మంచాన ఉన్నప్పుడు ఇంటి అప్పు వాయిదాలు తప్పిన మాట నిజమే. భార్య ఆ నోటీసు అక్షరం వదలకుండా చదివింది. ఆమె లోపలికి వెళ్ళిందో లేదో, ఈయన కుంటుకుంటూ వచ్చి దాన్ని గీకేసి, ఉప్పుకాగితంతో రుద్ది, తలుపుకి ఆకుపచ్చ రంగు కొట్టేశాడు. ఒకపక్క ఇల్లే పోతుంటే ఈ మహానుభావుడికి తలుపు నునుపు కావాల్సొచ్చింది!

ఆమె తమ్ముడి దగ్గరా, కుట్టుపని ఇచ్చేవాళ్ళ దగ్గరా చేబదులు తెచ్చి, తప్పిన వాయిదాలు కట్టబోయింది. "గడువు దాటిందమ్మా" అని మేనేజరు తీసుకోలేదు. చేసేది లేక కోర్టుకెక్కారు.

"అదృష్టం మీ వైపుంది," అన్నాడు వాళ్ళ లాయరు, కోర్టు వరండాలో గొంతు తగ్గించి. "అంటించినట్టు వాళ్ళ దగ్గర ఫొటో కూడా లేదు. నోటీసే రాలేదని చెప్పండి, వేలం ఆగిపోతుంది."

పెయింటరుకి ప్రాణం లేచొచ్చింది. భార్య మాత్రం వాయిదాల డబ్బున్న సంచి చంకన పెట్టుకుని లోపలికి నడిచింది.

"నోటీసు అంటించారా, లేదా?" బోనులో ఉన్న ఆమెను జడ్జిగారు అడిగారు.

"అంటించారండీ. మా ఆయనే గీకేశారు."

లాయరు తల పట్టుకున్నాడు. బ్యాంకు వకీలు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూశారా సార్, ఆవిడే ఒప్పుకున్నారు!"

"గీకేముందు నేను చదివానండీ," అందామె. "వేలంపాట జరిగేలోగా తప్పిన వాయిదాలు కట్టేస్తే ఇల్లు మాకే ఉంటుందని అందులోనే ఉంది. పాట ఇంకా జరగనే లేదు కదండీ. తీసుకోమని చెప్పండి."

జడ్జిగారు వకీలు వైపు తిరిగారు. "ఉందా ఆ మాట?"

ఉందన్నాడతను, నీళ్ళు నములుతూ.

"చట్టంలోనూ ఉంది. ఇవాళే కట్టించుకోండి. వేలం ఆపేస్తున్నాను."

బయటికొచ్చాక లాయరు, "నా గుండె ఆగినంత పనైందమ్మా" అన్నాడు.

"హక్కుగా దక్కేదానికి అబద్ధం దేనికండీ?" అని ఆమె చీర కొంగు సర్దుకుని మెట్లు దిగింది.

పెయింటరు కాలినొప్పి మరిచిపోయాడు. ఎదురొచ్చిన బంట్రోతుని ఆపి, అతను అడక్కపోయినా, ఛాతీ విరుచుకుని ఆమెను చూపించాడు.

"మా ఆవిడండీ!"