ఒక్కపూట డైరెక్టరు

మినిట్సమ్మ రెండో పెన్సిల్ చెక్కుతోంది. పెన్ను మధ్యలో మొండికేస్తే పెద్దవాళ్ళ మాట ఆగదు కదా, అందుకని ఆమె ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాస్తుంది. పొడుగాటి బల్ల చుట్టూ డైరెక్టర్ల తోలు కుర్చీలున్నాయి. ఆమెది గోడవారన వేసిన చేతుల్లేని కుర్చీ. దాని ముందు బల్ల ఉండదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచుకుని, సమావేశంలో ఎవరేమన్నారో రాయాలి. ఏళ్ళ తరబడి అలా వంగి వంగి కుడిభుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారింది. కంపెనీలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జీతాల గుమాస్తా కూడా మినిట్సమ్మ అనే పిలుస్తాడు, అదేమని అడిగితే ముద్దుపేరంటాడు.

ఆ మినిట్స్ రాతకో పద్ధతుంది. బల్ల దగ్గర ఎంత రభస జరిగినా చివర "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాయాలి. ఒకసారి ఇద్దరు డైరెక్టర్లు చొక్కాలు పట్టుకున్నంత పనయింది. అదీ ఏకగ్రీవమే. రాసేటప్పుడు ఆమెకు ఒళ్ళు మండుతుంది, అయినా రాస్తుంది. భర్త పోయిన ఏడాది చంటిబిడ్డను ఎత్తుకుని ఈ పనిలో చేరింది. నోరు కట్టేసుకోవడం అప్పుడే అలవాటైంది.

ఆ బిడ్డ పెరిగింది కింద ప్యాకింగ్ హాలు పక్కనున్న పిల్లల గదిలో. ఇప్పుడు ఆ గది తీసేసి, వచ్చే పోయే పెద్దమనుషులు కూర్చోవడానికి సోఫాలు వేస్తారట. తీర్మానం నిన్న ఆమే టైపు చేసింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు పిల్లల్ని ఎక్కడ పెట్టుకోవాలన్న మాట అందులో ఎక్కడా లేదు. సోఫాల రంగు మాత్రం ఉంది.

ఛైర్మన్ హడావిడిగా లోపలికొచ్చాడు. ప్రతి కంపెనీ బోర్డులోనూ ఆడవాళ్ళకు ఇన్ని స్థానాలని కేటాయించాలంటూ ఒక చట్టం రాబోతోంది. దాన్ని సభలో సమర్థిస్తున్న శాసనసభ్యుడు, ఇప్పటికే ఆడమనిషి ఉన్న బోర్డును చూస్తానని బయల్దేరాడట. ఈ బోర్డులో ఒకావిడ ఉంది. ఛైర్మన్ మరదలు. పేరు కాగితాల మీద ఉంది గాని, మనిషి ఈ మెట్లెక్కిన పాపాన పోలేదు. ప్రస్తుతం విహారయాత్రలో ఉంది.

"మీరు ఆవిడ కుర్చీలో కూర్చోండి. ఆయన చూసి, ఫొటో దిగి వెళ్ళిపోతాడు," అన్నాడు ఛైర్మన్.

"మరి మినిట్స్ ఎవరు రాస్తారండీ?"

"ఆయన వెళ్ళాకే మొదలుపెడదాం. మీరు నవ్వుతూ కూర్చోండి చాలు."

ఊరికే నవ్వుతూ కూర్చోవడానికి కూడా ఇంట్లో మనిషి దొరకలేదు కాబోలు అనుకుని ఆమె వెళ్ళి కూర్చుంది. తోలు కుర్చీ మరీ లోతుగా ఉంది. కాళ్ళు సరిగ్గా నేలకానడం లేదు. ముందు బల్ల ఉండేసరికి మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

శాసనసభ్యుడు తన సంచి తానే మోసుకుంటూ వచ్చాడు. నెరిసిన తల, నెమ్మది మనిషి. ఫొటో అయ్యాక లేస్తాడని అందరూ చూస్తుంటే ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఈ చట్టం పేరెత్తితే సభలో తనను చూసి నవ్వుతున్నారనీ, ఒక్క సమావేశమైనా కళ్ళారా చూసి మాట్లాడదామని వచ్చాననీ, తనను పట్టించుకోకుండా పని కానిమ్మనీ చెప్పాడు. ఇక ఛైర్మన్‌కు సమావేశం మొదలుపెట్టక తప్పలేదు. గోడవార కుర్చీ ఖాళీగా ఉందన్న సంగతి మినిట్సమ్మకు తప్ప ఎవరికీ పట్టలేదు.

పిల్లల గది వంతు వచ్చింది. ఛైర్మన్ గబగబా చదివాడు, తలకాయలన్నీ ఊగాయి. ఏకగ్రీవమని ఆయన అంటుండగానే శాసనసభ్యుడు ఆమె వైపు తిరిగాడు.

"అమ్మగారు ఇంకా చెప్పలేదుగా?"

"ఆవిడదెప్పుడూ మా మాటేనండీ," అన్నాడు ఛైర్మన్.

ఇన్నేళ్ళ విసుగూ ఒక్కసారిగా ఆమె గొంతుదాకా వచ్చింది. ఎదురుగా మైకుంది. మీట నొక్కితే చిన్న ఎర్రదీపం వెలిగింది.

"నేను ఒప్పుకోను."

తన గొంతు పైకప్పు స్పీకర్లలోంచి వినబడేసరికి ఆమే ఉలిక్కిపడింది. మళ్ళీ అంది: "ఆ గది తీసేస్తే కింద ఆడవాళ్ళు సగంమంది పని మానుకోవాల్సిందే. నా బిడ్డ అక్కడే పెరిగింది. ఆ గది లేకపోతే నేనూ ఇక్కడ ఉండేదాన్ని కాదు."

శాసనసభ్యుడి మొహం వెలిగిపోయింది. ఇందుకే కదా తను మొత్తుకుంటున్నది అన్నాడు. రేపు సభలో ఈ కంపెనీ పేరే చెబుతానన్నాడు.

తను ఊరుకుంటే, డైరెక్టరు మాటగా దానికి విలువుంటుంది. నిజం చెబితే గుమాస్తా మాట అయిపోతుంది. కానీ ఆయన గేటు దాటగానే వీళ్ళు మళ్ళీ కూర్చుంటారు. మళ్ళీ ఏకగ్రీవమంటారు. అదీ తనే రాయాలి. తన నవ్వు మొహాన్ని చూపించి ఆయన సభలో అబద్ధం చెబుతాడు, తెలియకుండానే. ఆమెకు ఇంక ఓపిక లేకపోయింది.

"నేను డైరెక్టర్ని కాదండీ. నా కుర్చీ అదిగో, ఆ గోడ దగ్గరిది. ఇవాళ్టికి నన్నిక్కడ కూర్చోబెట్టారు. మమ్మల్ని చూసి నేర్చుకోమని సభలో చెప్పకండి. చట్టం మాత్రం తెండి."

శాసనసభ్యుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నిజమేనా అని ఛైర్మన్‌ను అడిగాడు. ఛైర్మన్ మంచినీళ్ళ గ్లాసు కేసి చూశాడు. అయితే తను చూసినదంతా, ఆ గది సంగతితో సహా, రేపు సభలో ఉన్నదున్నట్టు చెబుతానని శాసనసభ్యుడు మెల్లగా అన్నాడు. ఛైర్మన్ తడబడుతూ పిల్లల గది విషయం వదిలేస్తున్నామన్నాడు.

"అది రాసుకున్నారా?" అన్నాడు శాసనసభ్యుడు.

అందరూ గోడవైపు చూశారు.

మినిట్సమ్మ అప్పటికే లేచి చేతిసంచి తగిలించుకుంది. ఉండమని గాని పొమ్మని గాని ఎవరూ అనలేదు. కింద పిల్లల గది గుమ్మంలో ఆయా ఒక పసివాణ్ణి జోకొడుతోంది.

"ఏంటక్కా, అప్పుడే వెళ్ళిపోతున్నావ్?"

"నా పని అయిపోయిందే," అంది ఆమె. పసివాడి పాదం ఒకసారి నిమిరి గేటు వైపు నడిచింది. మర్నాడు ఆమె రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఆమె వెళ్ళిపోయిన రోజు సాయంత్రం పై గదిలో లైట్లార్పి తలుపు వేసుకున్నారు. ఆమె కూర్చున్న చోట, బల్ల మీద, మైకు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.