సొర కనిపిస్తే మూడు దెబ్బలు

నేను ఒక గాలి సిలిండర్‌ను. మీ వంటగదిలో ఉండే జాతి కాదు. సముద్రంలో మునిగే మనుషుల వీపుకు కట్టే జాతి. నాలో ఉండేది మామూలు గాలే, మీరు ఊరికే పీల్చి వదిలేసేదే. రెండు బీరువాలు పట్టేంత గాలిని నా పొట్టలో కుక్కుతారు. మనిషి నీటి కింద గంటసేపు బతకడానికి అది చాలు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా మీద ఒక నేరం మోపారు. పొట్టకు బెజ్జం వేసి, పోర్ట్ బ్లెయిర్‌లో ఈ తుక్కు షెడ్డులో పడేశారు. నేరం నాది కాదు. ఎవరిదో చెబుతాను.

నన్ను అల్యూమినియం దిమ్మ నుంచి ఒక్క ముక్కగా సాగదీసి చేశారు. ఎక్కడా అతుకు లేదు. మెడ మీద నంబరు, పుట్టిన నెల, ఎంత ఒత్తిడి మోయగలనో చెక్కారు. మనిషికి కూడా ఎంత మోయగలడో పుట్టగానే మెడ మీద చెక్కే ఏర్పాటు ఉంటే సగం పెళ్లిళ్లు జరిగేవి కావు.

మొదట నన్ను కొన్నవాడు ఓడల అడుగున నాచు గీకించే కాంట్రాక్టరు. వాడు మాట్లాడడు, నవ్వడు, నన్ను కడగడు. నేను చూసిన యజమానుల్లో వాడే నయం. రెండోవాడు దొంగచాటుగా శంఖాలు ఏరేవాడు. ప్రాణమున్నవాటిని ఏరి, ఉడికించి, మాంసం పారేసి, చిప్పలు అమ్మేవాడు. కాపలా పడవ ఎదురైన రోజు నన్ను నీటిలోకి తోసి, తాను ఏమీ ఎరగనివాడిలా ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. నన్ను పైకి తీసి వేలం వేశారు. అలా అండమాన్‌లోని ఒక చిన్న దీవిలో, యాత్రికులను సముద్రంలో ముంచి సొరచేపలను చూపించే దుకాణానికి చేరాను.

వీపున ఉంటాను కాబట్టి నేను చూసేది ఎప్పుడూ వెనకవైపే. మనుషులు సొర కోసం ముందుకు చూస్తారు. సొర వెనక నుంచి వస్తుంది, వీళ్లు ఏం జంతువులో అని కాసేపు చూస్తుంది, పోతుంది. నేను చూసిన సొరల్లో పదో వంతు కూడా నన్ను మోసినవాళ్లు చూడలేదు. పైకి వచ్చాక మాత్రం, సముద్రం ఖాళీగా ఉంది, పెట్టిన ఖర్చు దండగ అనేవారు.

ఆ దుకాణంలో నీటి కింద దారి చూపేవాడు గనగళ్ల దానయ్య. శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలస వచ్చిన పడవవాళ్ల బిడ్డ. తండ్రి సొరలను గేలం వేసి పట్టి, రెక్కలు కోసి ఎండబెట్టి బతికాడు. కొడుకు అవే సొరలను చూపించి బతుకుతున్నాడు. మధ్యలో చట్టం మారింది. ఆ మార్పు సొరలకు ఎవరూ చెప్పలేదు. అవి ఇప్పటికీ మనిషిని చూస్తే పక్కకు తప్పుకుంటాయి.

దానయ్య పనిమంతుడు. నీటిలో మాట రాదు కాబట్టి చేతిలో చిన్న ఇనుప కడ్డీ పట్టుకునేవాడు. సొర కనిపిస్తే దానితో తన సిలిండర్ మీద మూడుసార్లు కొట్టేవాడు. నీటిలో ఆ శబ్దం చాలా దూరం పోతుంది. జంటగా దిగేవాళ్లకు జంటకొక కడ్డీ ఇచ్చేవాడు, వాళ్లకు కనిపించినా కొట్టమని. ఇంతవరకు బాగానే ఉంది. అతనిలో ఒక్కటే చెడ్డ అలవాటు. పడవ మీద ఆపద మాట ఎత్తనిచ్చేవాడు కాదు. వాళ్ల తాతలనాటి నుంచీ పడవ ఎక్కాక మునగడం, చావడం అన్న మాటలు నోట రాకూడదు. వస్తే సముద్రం వింటుందని నమ్మకం. దుకాణం యజమానికి ఇది బాగా కలిసొచ్చింది. ఆపద గురించి చెబితే యాత్రికులు బెదిరి దిగిపోతారు. ఒకడి భయం, ఇంకొకడి లాభం చేతులు కలిపాయి. శుభవార్తకు మూడు దెబ్బలు ఉన్నాయి. కీడుకు ఒక్క దెబ్బ కూడా లేదు.

ఫిబ్రవరిలో ఏలూరు నుంచి ఒక జంట వచ్చింది. చక్రధరరావు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరైనవాడు. ఆయన భార్య హైమావతి ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి ఆ ఏడే రిటైరైంది. సముద్రానికి రావాలన్నది ఆమె కోరిక. ముప్పై ఏళ్లపాటు చేపల మార్కెట్ నుంచి సొరపిల్లలను తెప్పించి, పిల్లల ముందు బల్ల మీద కోసి, నరాలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో చూపించిందట. వెయ్యి సొరలైనా కోసి ఉంటానని, బతికి ఉన్నదాన్ని ఒక్కదాన్నీ చూడలేదని దానయ్యకు చెప్పింది. చూడకుండా పోతే అన్ని ప్రాణాలు తీసినందుకు లెక్క సరిపోదన్నట్టు మాట్లాడింది. ఆయన మాత్రం కొత్త కెమెరా కొన్నాడు కాబట్టి వచ్చాడు.

మూడు రోజులు ఒడ్డు దగ్గర నేర్పి, నాలుగో రోజు వాళ్లను పగడపు దిబ్బ దగ్గరకు తీసుకుపోయారు. బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు స్నేహితులు ఇంకో జంట. నన్ను హైమావతి వీపుకు కట్టారు. దిగే ముందు దానయ్య ఎప్పటి పాఠమే చెప్పాడు.

"సొర కనబడితే మూడు దెబ్బలు. ఇన్నాక ఎవులూ కదలొద్దు. కాలు ఆడిస్తే అది పారిపోద్ది. ఉన్నకాడే ఉండి సూడండి."

"సరే. మరి మాకేమైనా అయితే ఎన్ని దెబ్బలు కొట్టాలి దానయ్యా?" అని హైమావతి అడిగింది.

దానయ్య ముఖం మాడింది. "పడవ మీద అలగ అనకూడదమ్మా. ఏటీ అవ్వదు. నానున్నాను కదా."

"అది జవాబు కాదుగా."

"పాఠం మొదలెట్టకు హైమా, ఇది నీ కాలేజీ కాదు" అన్నాడు చక్రధరరావు, కెమెరా అద్దం తుడుచుకుంటూ. బెంగళూరువాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది. ముప్పై ఏళ్లు ప్రశ్నలు అడగమని పిల్లలకు చెప్పిన మనిషి, తన ప్రశ్నను అలా వదిలేసింది. నేను ఆమెను కూడా వెనకేసుకు రాను.

కింద నీళ్లు తేటగా ఉన్నాయి. చిలక చేపలు పగడాన్ని కొరుకుతుంటే కరకరమని వినిపించింది. ఇసుకలో కప్పుకుని పడుకున్న, చాటలా బల్లపరుపుగా ఉండే టేకు చేప కళ్లు మాత్రమే బయట పెట్టి చూసింది. ఒక తాబేలు పైన పోతుంటే హైమావతి మెడ ఎత్తి, అది కనుమరుగయ్యేదాకా చూసింది. ఎన్నాళ్లో పుస్తకంలో బొమ్మగా చూసిన మనిషి ఎదురుపడితే చూసినట్టు చూసింది. చక్రధరరావు తన కెమెరా తెరనే చూశాడు.

పద్నాలుగు మీటర్ల లోతులో ఇల్లంత బండ ఒకటి ఉంది. దాని అవతల దానయ్య మూడు దెబ్బలు కొట్టాడు. బండ కింది సందులో, రెక్క కొన తెల్లగా ఉన్న సొర ఇసుక మీద పడుకుని ఉంది. దాని మొప్పలు తెరుచుకుని మూసుకుంటున్నాయి. హైమావతి ఆరేడు ఊపిరుల సేపు చూసి ఉంటుంది. ఇంతలో భర్త వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆమె కాళ్ల తొడుగులకు ఇసుక లేస్తోంది, వీడియో చెడుతోంది, బండకు ఇవతలే ఉండమని. జంటగా దిగినవాళ్లు ఒకరినొకరు వదలకూడదని మూడు రోజులూ నేర్పారు. ఆయన వదిలాడు. ఆమె వెనక్కి వచ్చింది.

బండకు ఇవతల ఎప్పటిదో తెగిన గేలపు తాడు పగడానికి చుట్టుకుని ఉంది. అల ఊపుకు ఆమె వెనక్కి జరిగినప్పుడు అది నా మెడకు తగులుకుంది. ఆమె ముందుకు కదలబోయింది. కదల్లేకపోయింది. ఏం పట్టుకుందో ఆమెకు కనిపించదు, అది నా దగ్గర ఉంది కాబట్టి. నన్ను వీపుకు పట్టి ఉంచే కోటు విప్పి నన్ను వదిలి తాడు తీసుకోవచ్చు. మూడు రోజుల చదువులో అది అర్ధగంట పాఠం. భయంలో ఆ అర్ధగంట గుర్తుకు రాలేదు. నిండుగా ఉంటే రెండువందలు చూపే గాలి ముల్లు అరవై మీద ఉంది. నెమ్మదిగా పీల్చితే చాలాసేపు వచ్చేది. ఆమె నెమ్మదిగా పీల్చే స్థితిలో లేదు.

కడ్డీ ఆమె చేతిలోనే ఉంది. చెయ్యి వెనక్కి తిప్పి నన్ను మూడుసార్లు కొట్టింది. ఆమెకు నేర్పింది అదొక్కటే. ఆగింది. మళ్లీ మూడు. మంచి విద్యార్థినిలా మూడేసి కొట్టింది.

అవతల నలుగురూ విన్నారు. నలుగురూ బిగుసుకుపోయారు. దానయ్య అరచెయ్యి ఎత్తి, కదలొద్దని చూపించాడు. అదే సమయానికి రెండో సొర నా వెనక నుంచి వచ్చింది. ఆమె భుజం పక్క నుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా సాగింది. ఆ కాసేపు ఆమె కొట్టడం ఆపింది. తర్వాత సొర బండ చుట్టూ తిరిగి అవతలివాళ్ల ఎదుటికి పోయింది. వాళ్లు దాన్ని చూసి, ఆమె కొట్టింది దీని కోసమేనని తేల్చుకున్నారు. బెంగళూరువాడొకడు మెచ్చుకోలుగా వేలితో సున్నా చుట్టి చూపించాడు. ఆమె మళ్లీ కొట్టింది. వాళ్లు ఇంకా గట్టిగా రాళ్లు పట్టుకుని, కాలు ఆడకుండా, మోకాళ్ల మీద కూర్చున్నారు. అంత క్రమశిక్షణ నేను ఏ బడిలోనూ చూడలేదు.

ఆరు నిమిషాలు. నాలో ఉన్న చివరి గాలి దాకా ఇచ్చాను. దాచుకున్నది లేదు.

చివరికి దెబ్బల లెక్క తప్పింది. రెండు. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి, మెత్తగా. లెక్క తప్పాకే దానయ్య తల తిప్పాడు. వచ్చాడు, తాడు కోశాడు, ఆమెను పైకి మోసుకుపోయాడు. పడవ మీద ఎంతసేపు ఛాతీ ఒత్తినా ఆమె లేవలేదు. ఎత్తకూడదన్న మాట ఎత్తకపోయినా ఆ పడవ మీదికి చావు వచ్చింది.

దీవిలోని ఠాణాలో నన్ను బల్ల మీద పెట్టారు. చక్రధరరావు, దానయ్య, దుకాణం యజమాని కుర్చీల్లో కూర్చున్నారు. తాను భార్యకు పది అడుగుల దూరంలోనే ఉన్నానని చూపించడానికి చక్రధరరావు వీడియో పెట్టాడు. వీడియో చాలా బాగా వచ్చింది. సందులో సొర పడుకుని ఉంది. దాని వెనక నా గొంతు. టక్ టక్ టక్. ఆగి, టక్ టక్ టక్. సొర పోయింది, రెండోది వచ్చింది, శబ్దం కాసేపు ఆగి మళ్లీ మొదలైంది. చివరికి వీడియో ఆగేలోపే శబ్దం ఆగింది.

"నీకు అప్పుడు వినపడిందా?" అని చక్రధరరావు అడిగాడు.

"ఇనబడింది బాబూ" అన్నాడు దానయ్య. "మీకో?"

చక్రధరరావు కెమెరా మూసి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత పోలీసు వైపు తిరిగి, సిలిండర్ పాతది, లోపం ఉండి ఉంటుంది, గాలి సరిగా అందలేదు అని స్పష్టంగా, ఆఫీసు భాషలో చెప్పాడు. కావచ్చని యజమాని అన్నాడు. తాడు కోసినవాడు దానయ్యే కాబట్టి అసలు సంగతి అతనికి తెలుసు. అతను తల దించుకుని, రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు.

నన్ను నీటి ఒత్తిడి పెట్టి పరీక్షించారు. చుక్క కారలేదు. అయినా యాత్రికులు ఆ సిలిండర్ ఏదని అడుగుతున్నారని యజమాని నాకు బెజ్జం వేయించాడు. నెల తిరిగాక దానయ్య నన్ను తుక్కు సామానుతో ఓడ ఎక్కించి ఇక్కడికి తెచ్చాడు.

షెడ్డువాడు వచ్చేదాకా దానయ్య నా పక్కనే కూర్చుని ఫోను తీశాడు. భార్య సంస్మరణ కోసం చక్రధరరావు అందరికీ పంపిన వీడియో అది. సొర తిరుగుతోంది. దెబ్బల శబ్దం తీసేసి వీణ పెట్టించాడు. తనకెంతో ఇష్టమైన దృశ్యాన్ని చూస్తూ హైమావతి ప్రశాంతంగా వెళ్లిపోయిందని కింద రాయించాడు. దానయ్య ఆరు నిమిషాలూ చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

షెడ్డువాడు వచ్చి నన్ను దొర్లించి చూశాడు. ఆ బెజ్జం తప్ప చీలిక లేదు, సొట్ట లేదు. ఇంత మంచిదాన్ని ఎందుకు పాడుచేశారని అడిగాడు.

"దీన్ది తప్పేటీ నేదు" అన్నాడు దానయ్య. "కొట్టినంతసేపూ అరిసింది. మేమే కదల్లేదు."

ఆ మాట ఠాణాలో చెప్పవలసింది. ఇక్కడ చెబితే వినేవి తుప్పు పట్టిన లంగర్లు, పగిలిన ఇంజన్లు. షెడ్డువాడికి సగం అర్థమైందో లేదో. నన్ను ఇనుము కుప్పలో వేయాలా, అల్యూమినియం కుప్పలో వేయాలా అని అడిగాడు.

అల్యూమినియం అని దానయ్య వెంటనే చెప్పాడు. ఆ ప్రశ్నకు మాత్రం తడుముకోలేదు.