నేమ్‌సర్వర్ ఎవరి పేరు మీద

"టీ పెట్టేటప్పుడు ఆ నేమ్‌సర్వర్ సంగతి కూడా చూసెయ్" అన్నాడు కెల్విన్. కుక్కకి నీళ్ళు పెట్టమన్నట్టే అన్నాడు. పెళ్ళయినప్పటినుంచి అతను నాకు చెప్పిన పనులన్నీ టీతో పాటే అయిపోయే పనులు. అతని లెక్కలో.

మాది ఆస్ట్రేలియాలో పోర్ట్ లింకన్ అనే రేవు ఊరు. షాపు బోర్డు మీద కెల్విన్ కంప్యూటర్స్ అని ఉంటుంది. కౌంటర్ మీద మోచేతులాన్చి, ప్రింటర్లు అమ్ముతూ ఫుట్‌బాల్ కబుర్లు చెప్పేది అతను. వెనక గదిలో, ఉతికిన బట్టల బుట్ట పక్కన కూర్చుని వెబ్‌సైట్లు నడిపేది నేను. సిడ్నీలో ఒక కంపెనీ దగ్గర సర్వర్లో జాగా టోకున తీసుకుని, ఊళ్ళో బేకరీకి, పశువుల డాక్టరుకి, ఆల్చిప్పలు పెంచేవాళ్ళకి చిల్లరగా ఇస్తాను. మెయిల్ రాకపోయినా, పాస్‌వర్డ్ మర్చిపోయినా వాళ్ళు ఫోన్ చేసేది నాకే. సిడ్నీ కంపెనీలో ఖాతా కూడా నా పేరు మీదే ఉంది. నా మీద గౌరవంతో కాదు, ఆ రోజు వివరాలు నింపడం అతనికి విసుగైంది. మా డొమైన్, అంటే మా సైటు పేరు, మాత్రం తన పేరు మీద తీసుకున్నాడు. ఈ దేశంలో డాట్ కామ్ డాట్ ఏయూ కావాలంటే ప్రభుత్వం ఇచ్చిన వ్యాపార నంబరు ఉండాలి. "నీకెందుకు వేరే నంబరు? ఒక ఇంట్లో రెండు వ్యాపారాలా?" అన్నాడు. ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా పనే. దానికీ జీతం లేదు.

ఇప్పుడు ఆల్చిప్పల పెంపకందార్ల సంఘం తన సభ్యుల సైట్లన్నీ మాకిస్తానంది. కోశాధికారి వెండెల్ ముసలాయన, ఏదీ ఊరికే నమ్మడు. మా కస్టమర్ల డొమైన్లు వెతికి చూశాడు. అన్నిటికీ నేమ్‌సర్వర్ పేర్లు సిడ్నీ కంపెనీవే. "నువ్వు మధ్యవాడివి కదయ్యా. మేమే నేరుగా వాళ్ళ దగ్గరికి పోతే?" అని కెల్విన్‌ని అడిగాడు. నేమ్‌సర్వరంటే దారి చెప్పేది. బేకరీ సైటు పేరు కొడితే, అది ఏ యంత్రంలో ఉందో చెప్పేది. యంత్రం సిడ్నీ వాళ్ళదైనా, ఆ దారి చెప్పేదానికి మన పేరు పెట్టుకోవచ్చు. ఈ వ్యాపారంలో అందరూ పెట్టుకుంటారు. సోమవారం సంఘం మీటింగ్. ఆలోగా పేరు మారాలి. మారేది ఎవరి పేరుకి అన్నది కెల్విన్‌కి ప్రశ్నే కాదు. నాకు మాత్రం టీ పొంగిపోయినా ఆ ప్రశ్న బుర్రలోంచి దిగలేదు.

శనివారం ఫుట్‌బాల్. మా ఊళ్ళో మగవాళ్ళు ఆడి బీరు తాగుతారు. ఆడవాళ్ళు నెట్‌బాల్ ఆడి, ఆ చెమటతోనే క్లబ్బు క్యాంటీన్‌కి వచ్చి మాంసం కూరిన పైలు వేడి చేస్తారు. క్యాంటీన్ పెత్తనం మా అత్తగారు బెవ్‌ది.

"ఉల్లిపాయలు సన్నగా తరుగమ్మాయ్. లావుగా ఉంటే మా కెల్విన్ తినడు."

"క్యాంటీన్ అందరిదీ కదా బెవ్."

"అందరిలో మావాడూ ఉన్నాడుగా."

ఫోన్ మోగింది. బేకరీ జోసీ. "నెరిడా, మా సైటు కనపడటం లేదే! ఆర్డర్ల మెయిళ్ళు కూడా రావట్లేదు. పెళ్ళి కేకు మీద ఏం రాయాలో దాన్లోనే పంపుతామన్నారు." ఆమె ఫోన్ పెట్టేసేలోపే పశువుల డాక్టరు. ఆ వెంటనే ఆల్చిప్పల వాళ్ళు. ఉల్లిపాయల చేత్తోనే ఫోన్‌లో ఖాతా తెరిచి చూశాను. కెల్విన్ బార్ దగ్గర నిలబడి, స్నేహితులకి చూపించడానికి కాబోలు, నా పాస్‌వర్డ్‌తోనే ఖాతాలోకి వెళ్ళి కస్టమర్లందరికీ ఒకేసారి టిక్కులు పెట్టి కొత్త నేమ్‌సర్వర్ పేర్లు ఎక్కించాడు. ఆ పేర్లు పుట్టనేలేదు. ముందు వాటి అంకెల చిరునామాలు డొమైన్ అమ్మిన సంస్థ దగ్గర నమోదు చెయ్యాలి. సర్వర్లోనూ అవే రాయాలి. లోకానికి తెలిసేదాకా ఆగాలి. ఆ తర్వాతే కస్టమర్లని ఒక్కొక్కరినీ మార్చాలి. లేకపోతే, ఫలానా ఇల్లెక్కడ అంటే ఆ ఇంటికే వెళ్ళి అడగమన్నట్టు ఉంటుంది.

"ఏం ముట్టుకున్నావు?" అని ఫోన్ చేశాను.

"పేరు మార్చానంతే. చూసెయ్ అంటే నువ్వు చూడలేదుగా." పక్కన ఎవరో ఏమైందని అడిగారు. "ఏం లేదు మేట్, మా ఆవిడేదో కెలికింది. సరిచేస్తోంది" అన్నాడు. ఆ మాట ఫోన్‌లోనూ విన్నాను, క్యాంటీన్ కిటికీలోంచీ విన్నాను.

బెవ్ కూడా వింది. "మగాడి వ్యాపారంలో వేలు పెడితే ఇంతే" అంది.

"సాస్ సీసా ఇటివ్వండి" అన్నాను. వరసలో నిలబడ్డవాడికి ఒక పై ఇచ్చి, పాల డబ్బాల పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాను. డొమైన్లన్నీ మళ్ళీ సిడ్నీ పేర్లకే తిప్పాను. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి, సాయంత్రానికి అందరికీ కనపడుతుంది, కంగారు పడకండి అని చెప్పాను. కనపడింది. జోసీ మళ్ళీ ఫోన్ చేసింది. "వచ్చేసిందే! కెల్విన్‌కి థాంక్స్ చెప్పు" అంది.

అతను చెడగొడితే నేను కెలికినట్టు. నేను బాగుచేస్తే అతనికి థాంక్స్. జోసీ చెడ్డది కాదు. బోర్డు మీద ఏ పేరుంటే ఆ పేరే నోటికొస్తుంది. నాకు ఏడుపు రాలేదు. పొయ్యి తుడుస్తుంటే నవ్వొచ్చింది. తాళంచెవులన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఇన్నేళ్ళూ తలుపు మీద పేరు రాసుకోవడం మానేశాను, అంతే.

ఆదివారం కెల్విన్ చేపలకి వెళ్ళాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆన్‌లైన్‌లో నా పేరున వ్యాపార నంబరు తీసుకున్నాను. అడగ్గానే ఇచ్చారు. భర్త ఒప్పుకున్నాడా అని అడగలేదు. నెరిడా హోస్టింగ్ అని డొమైన్ కొన్నాను. రెండు నేమ్‌సర్వర్లు, రెండు చిరునామాలు. సంస్థ దగ్గర నమోదు చేసి, సర్వర్లో రాసి, బట్టలు ఆరేసి వచ్చి చూశాను. అడిగితే దారి చెబుతున్నాయి. అప్పుడు కస్టమర్లకి రాశాను. ఖాతా మొదటినుంచీ నాదే, ఫోనెత్తేదీ నేనే, ఇకనుంచి పేరూ నాదే, ఇష్టమైతే మారుస్తాను, లేకపోతే మీ జోలికి రాను అని. "ఇన్నాళ్ళూ నీది కాదా మరి?" అని రాసింది జోసీ. పశువుల డాక్టరు మాత్రం కెల్విన్‌తో చదువుకున్నవాడు, వద్దన్నాడు. అతన్ని పాత చోటే వదిలేశాను. సరేనన్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ మార్చాను. ఎవరి సైటూ ఆగలేదు.

సోమవారం మీటింగ్‌లో వెండెల్ కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌లో వెతికాడు. "ఇక్కడ నెరిడా అని ఉందే" అన్నాడు.

కెల్విన్ నవ్వు మొహం పెట్టాడు. "మా ఇంట్లో పేరేలెండి. ఇద్దరం ఒకటే."

"ఒకటెలా అవుతుంది? రేపు సైటు పడిపోతే ఎవరికి చెయ్యాలి ఫోను?"

"నాకు" అన్నాను. "శనివారం పడగొట్టింది ఆయన. లేపింది నేను. పైలు అమ్ముతూ లేపాను."

ఎవరో ఫక్కున నవ్వారు. వెండెల్ నవ్వలేదు. "అమ్మాయికే ఇద్దాం" అని ముందుగా చెయ్యెత్తాడు. తర్వాత బల్ల చుట్టూ చేతులు లేచాయి. కెల్విన్ చేతులు జేబుల్లో ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేటప్పుడు బండి తనే నడిపాడు.

"నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు.

"శనివారం కూడా నలుగురే ఉన్నారు."

"మరి నా షాపు సైటు సంగతేంటి? అదీ నీ దాన్లోనే ఉందిగా. నేనేం కావాలి?"

"అందరికీ రాసినట్టే నీకూ మెయిల్ రాశాను" అన్నాను. "ఉంటావో వెళ్ళిపోతావో చదివి జవాబివ్వు."